రథం ముందు మా నీళ్లు

మా వీధి బోరింగు పక్కన మురుగు గొట్టం తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. బిందె సగం నిండింది. కొత్త సిమెంటు గొట్టంలోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత నల్లటి నురగ, ఆ తర్వాత వచ్చింది ఏమిటో చెప్పక్కర్లేదు. ఊరందరి పాయఖానాలూ ఎత్తినదాన్ని, నేనే బిందె వదిలేసి నాలుగడుగులు వెనక్కి పోయాను.

మా కుసుమగడలో జగన్నాథుడి రథయాత్ర మొదలై ఈ ఏటికి నూరేళ్లు. మంత్రులొస్తారని మునిసిపాలిటీ ఊరిని సింగారించింది. రథవీధికి ఎర్ర పలకలు పరిచారు, స్తంభాలకు తామరపూల దీపాలు పెట్టారు, అతిథి గృహానికి పాలరాతి మరుగుదొడ్లు కట్టారు. అక్కడ పెద్దమనుషులు కూర్చుని లేచాక మిగిలేదంతా మా వీధికి పంపారు. మేం తాతల నాటి నుంచీ ఊరు ఊడ్చేవాళ్లం. మా ఇళ్లు వచ్చేవాళ్ల కంట పడకూడదని ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దాని మీద శుభ్రత గురించి బొమ్మలు కూడా వేయించారు. థూ!

వారం తిరక్కుండా వీధంతా వాంతులు, విరేచనాలు. మేమంతా మావుసి, అంటే పిన్నమ్మ, అని పిలిచే సుకురి కోడలు ఝును నిండు చూలాలు. ఆస్పత్రి వరండాలో సెలైను పెట్టించుకుని పడి ఉంది. ఆ నీళ్లు మానకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అన్నాడు డాక్టరు. మానేసి ఏం తాగాలి? మాకున్నది ఆ ఒక్క బోరింగే.

ఊడ్చేవాళ్లకు పెద్ద, మా జమాదారు బైధర్ నాకు వరసకు బావ. అతన్ని ముందు పెట్టుకుని ఛైర్మన్ ఆర్తత్రాణ బాబు దగ్గరికి పోయాం. ఆయన పాన్ నములుతూ కిటికీలోంచి తామరపూల దీపాలు చూసుకుంటున్నాడు.

"గొట్టం పక్కకి తిప్పించండి బాబూ, అంతే. సచ్చి మీ కడుపున పుడతాం," అన్నాడు బైధర్.

"పండగ పోనీవయ్యా. గొట్టం తిప్పాలంటే పలకలు పీకాలి. మంత్రిగారు గుంటల్లో నడవాలా?"

"అందాకా ఏటి తాగమంటారు?" అన్నాను నేను.

"మీకు అలవాటేగా కేతకీ! కంపులో పుట్టారు, కంపులో పెరిగారు. మీకేం కాదులే."

గదిలో ఉన్న కౌన్సిలర్లంతా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కడుక్కోవాలనిపిస్తుంది.

సాయంత్రం వీధి మధ్యలో అందరం కూర్చున్నాం.

"సీపుళ్లు కింద పడేద్దాం. ఊరు కంపు కొడితే గానీ ఈళ్లకి ముక్కులున్నట్టు తెలవదు," అన్నాను.

"నోటికాడ కూడు పోద్దే, ఒలే! ఇంకోపాలి గెడ్డం పట్టుకుని బతిమాలదాం," అన్నాడు బైధర్.

"ఎన్నిపాల్లు పట్టుకుంటావు బావా? ఆ బాబుకి గెడ్డం గీయించుకునే పని తప్పిపోనాది!"

ఆడవాళ్లు పకపక నవ్వారు. బైధర్ కూడా నవ్వేసి, "సరే, పడేద్దాం," అన్నాడు.

మర్నాడు ఎవరూ పనికి పోలేదు. అయినా పొద్దున్నే గుడి ముందు వీధి తళతళలాడుతోంది. చూస్తే సుకురి మావుసి నడుం వంచి ఊడుస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏటి మావుసీ ఈ పని? నీ కోడలి కోసరమే గదా మేమంతా కూకున్నది!"

"ఆ కోడలి కోసరమే మొక్కుకున్నానే. పండగదాకా సామి వీధి ఊడుస్తానన్నాను. ఇది మునిసిపాలిటీ పని కాదు, సామి పని."

ఇంతలో గుడి ముందు మైకు మోగింది. "పారిశుద్ధ్య సోదరీమణులు సమ్మె మానుకుని పనిలో చేరారు. వారికి నా అభినందనలు!" అది ఆర్తత్రాణ బాబు గొంతు.

మావుసి చేతిలో చీపురు ఆగిపోయింది. "నా మొక్కుని కూడా తినేసినాడే ఎదవ," అంది. ఆ చీపురు అక్కడే పడేసి వచ్చేసింది.

ఆ తర్వాత నేనన్నట్టే ఊరు కంపు కొట్టింది. ఎంగిలాకులు, పేడ, పళ్ల తొక్కలు ఎర్ర పలకల మీద కుళ్లాయి. తామరపూల దీపాల చుట్టూ ఈగలు ముసిరాయి. ఛైర్మన్ అద్దె మనుషులతో పైపైన ఊడ్పించి, మిగతాదాని మీద అత్తరు చల్లించాడు. అత్తరు కలిసిన కుళ్లు ఇంకా రోతగా ఉంది.

పండగ రానే వచ్చింది. ఆ రోజు సామి రథమెక్కి తన మావుసి ఇంటికి పోతాడు. రథం కదిలే ముందు మా ఊరి రాజుగారు బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తాడు, గంధం నీళ్లు చల్లుతాడు. సామి ముందు రాజైనా ఊడ్చేవాడేనని చాటే ఆచారం అది. ఈసారి రథం ముందు వీధిలో నీళ్లు చల్లే గౌరవం తనకే కావాలని ఆర్తత్రాణ బాబు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. పట్టుపంచె కట్టి, కెమెరాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

సుకురి మావుసి ఇత్తడి చెంబుతో జనంలోంచి ముందుకు నడిచింది. వెనక మా వీధంతా నడిచింది.

"బాబూ, సామి కోసరం నేనూ నీళ్లు తెచ్చినాను. సల్లండి."

కెమెరాలున్నాయి గదా, ఆయన నవ్వుతూ చెంబు అందుకున్నాడు. మూత తియ్యగానే మొహం వంకర పోయింది. పట్టుపంచె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఛీ ఛీ! దేవుడి ముందుకు ఇదేం కంపే?"

"మా బోరింగు నీళ్లు బాబూ. నా కోడలు తాగినవి. మాకు తాగడానికి పనికొచ్చినవి మీకు వీధిలో సల్లడానికి పనికిరావేటి?"

డప్పులు ఆగాయి. రథం మీద రాజుగారు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఛైర్మన్ చెంబు విసిరికొట్టాడు. "దేవుడికి అపచారం! లాక్కెళ్లండి దీన్ని!" పోలీసులు మావుసిని జుట్టు పట్టి జీపులోకి తోశారు.

రథం తాడు మీద ఊరంతటి చేతులూ ఉన్నాయి. ఏడాదికి ఒక్క ఆ రోజే ఎవరి చెయ్యి ఎవరిదని అడగరు. కూలీలు, రిక్షావాళ్లు, కాలేజీ పిల్లలు, మధ్యలో మా బైధర్. అతనే ముందు తాడు వదిలాడు.

"సామి పోయేది ఆయన మావుసి ఇంటికి," అని అరిచాడు. "మా మావుసిని జీపులో కుక్కి, ఆయన్ని ఏ మొహంతో లాగుతాంరా?"

పక్కనున్న కూలీలు వదిలారు. కాలేజీ పిల్లలు వదిలారు. ఆ చివరిదాకా తాడు నేల మీద పడిపోయింది.

"తాడు పట్టండి! మంత్రిగారు చూస్తున్నారు, లాగండి!" ఆర్తత్రాణ బాబు మైకులో గొంతు చించుకున్నాడు. ఒక్కడూ వంగలేదు.

బైధర్ మా వీధికి పరిగెత్తి గునపం పట్టుకొచ్చాడు. గొట్టం పోయే చోట మొదటి ఎర్ర పలక అతనే లేపాడు. రెండోది నేను లేపాను. ఆ తర్వాత ఎవరు ఏది లేపారో తెలియదు, అందరి చేతులకూ ఆ మురికే అంటింది.

"ఈ పని ఎవరు చేయించారు?" అని లాఠీ ఊపుతూ ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"మేమే," అన్నాం అందరం. మావుసి పక్కన చోటు చెయ్యమని జీపు వైపు నడిచాం.