మూరెడు బతుకమ్మ

"కోసినంక పూలకు ఏం పానముంటది? గంత సేవ ఎందుకు?"

ఏటా ఈ మాట అనందే దేవేందర్‌కు బతుకమ్మ పండుగ వచ్చినట్టుండదు. మునగాల అవతలి చెలకల్లోంచి తంగేడు, గునుగు, బంతి బండి మీద తెచ్చి గడప దగ్గర పడేస్తే అతని పని అయిపోతుంది. అక్కణ్ణుంచి భార్య అలివేలు పని మొదలు. కాడల చివర్లు ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసి, బకెట్లలో నిలబెట్టాలి. పూటపూటకూ నీళ్లు మార్చాలి. బంతిపూలు కుప్ప పోస్తే ఉడికిపోతాయి కాబట్టి చాప మీద పలచగా పరచి, ఫ్యాన్ గాలి తగలకుండా తడి నూలుచీర కప్పాలి. ఇదంతా మిర్యాలగూడ దవాఖానలో నర్సు డ్యూటీ చేసి, బస్సులో నిలబడి సూర్యాపేట వచ్చాక. మూడో రోజుకు కూడా పూలు చెట్టు మీద ఉన్నట్టే ఉంటే, అత్త యశోద వాడకట్టంతా వినేట్టు అనేది: "మా ఇల్లు చల్లగుంటది, గందుకే మా పూలు వాడయి."

సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, పన్నెండేళ్లుగా పని అలివేలుది, పేరు ఇంటిది. ఆమెకు కడుపు మండేది. పండుగ పూట ఎందుకులే అని మింగేది.

ఈసారి పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు అలివేలుకు వరుసగా రెండు రోజులు, రాత్రుళ్లు కూడా దవాఖానలోనే ఉండేట్టు డ్యూటీ పడింది. పూల సంగతి ఫోన్లో చెప్పబోతే, "నీళ్లు జల్లుడు గూడ నేర్పుతవా?" అని దేవేందర్ నవ్వాడు. పండుగ పొద్దున ఆమె వచ్చేసరికి పూలన్నీ నీళ్లోడుతూ ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి ఉన్నాయి. విప్పితే ఆవిరి కొట్టింది. తంగేడు నల్లబడి రాలింది, బంతి చివికిపోయింది. మొండి గునుగు ఒక్కటే బతికింది.

కూర్చుని ఏరుతుంటే అలివేలుకు ఏడుపొచ్చింది. ఆ వెనకే, నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా అనిపించింది. ఇల్లు అదే, దాని చల్లదనమూ అదే, లేనిది తానొక్కతే కదా.

"లోపల గుమ్మడాకు దట్టంగ కూరు బిడ్డా, ఎత్తు లేస్తది. మనది పొట్టిగుంటే ఇజ్జత్ పోదా?" అంది యశోద.

"ఉన్న పూలెంతో గంతే ఎత్తు అత్తమ్మా."

తాంబాలంలో మూరెడు బతుకమ్మే పేర్చి, సాయంత్రం నడివాడలో, అందరి బతుకమ్మల మధ్య పెట్టింది. పక్కింటి నాగరాణి ముక్కు మీద వేలేసుకుంది.

"యశోదత్తా, మీది ఏటా నడుమెత్తు ఉంటది గదా! ఈసారి పూలు దొరకలేదా?"

"అవ్ బిడ్డా, ఈ యేడు యాడ దొరికినయ్..." అని యశోద అందుకుంది. వెనక దేవేందర్ తల వంచుకుని ఫోన్ చూస్తున్నాడు.

అలివేలు కొంగు నడుములో దోపుకుని తలెత్తింది.

"పూలు మస్తు దొరికినయక్కా," అంది. "రెండు దినాలు నేనే ఇంట్ల లేను."