వన్నూరప్ప గుండె సీడీ గోడు

నేను ఒక సీడీని. పాటల సీడీని కాదు, సినిమా సీడీని అంతకన్నా కాదు. కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్లో చెక్కభజన గురువు వన్నూరప్ప. ఆయన గుండె నాలో కొట్టుకుంటూ ఉంటుంది. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయన మణికట్టు దగ్గర సన్నని గొట్టం దూర్చి, రంగుమందు వదిలి, ఎక్స్‌రేతో తీసిన కదిలే బొమ్మలన్నీ నాలో నింపారు. వాటిని చూపించడానికే నేను పుట్టాను. చూడకుండానే తీర్పు చెప్పినవాళ్ల మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

ముందు ఆయన కష్టం చెప్పాలి. చెక్కభజనలో పదహారు మంది చెక్కలు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. గురువు పాట ఎత్తుకుని, ఎగిరి మొదటి అడుగు వేస్తేనే మిగతావాళ్ల కాళ్లు కదులుతాయి. గురువు దిగకుండా ఆట మొదలుపెట్టడం వాళ్లలో లేదు. అలాంటి మనిషికి రెండో చరణం దాటేసరికి ఎద పట్టేసి, ఎడమ చెయ్యి లాగేది. ఆయన అరుగు మీద కూలబడేవాడు. పదహారు మందీ చెక్కలు చంకలో పెట్టుకుని ఆయన లేస్తాడేమోనని చూస్తూ నిలబడేవారు.

నాతోపాటు ఒక కాగితం కూడా పుట్టింది. కుడి రక్తనాళం నూటికి నూరు శాతం మూసుకుపోయిందని, చాలాకాలంగా అలాగే ఉన్నట్టుందని, మందులు వాడాలని దాని మీద ఉంది. నన్ను తయారుచేసిన డాక్టరుగారు వన్నూరప్పతో, "తొంభై శాతం ఉంటే స్టెంట్ వేసేవాణ్ణి. పూర్తిగా మూసుకుపోయి గట్టిపడినదాన్ని ఎవరూ తెరవలేరు," అన్నారు. 'ఎవరూ' అన్నారు, వినండి. ఆయనకు ఆ పని రాదు, అంతే. ఆ ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

కర్నూలులో రెండో డాక్టరుగారి కంప్యూటర్లో నన్ను పెట్టే చోటే లేదు. కాగితం చదివి, "సరిగ్గానే రాశారు," అన్నారు. నన్ను బల్ల మీద పడేశారు, కాసేపటికి నా మీద టీ గ్లాసు పెట్టారు. బళ్ళారిలో మూడో ఆయన నన్ను కవరులోంచి తీయనేలేదు. కాగితంలోని చివరి వాక్యాన్నే తన చీటీలో ఎక్కించి, పైన స్టేప్లర్ కొట్టి, "ఎగరడాలు మానేసి ఇంట్లో కూర్చో," అన్నారు. ముగ్గురు పెద్ద డాక్టర్లు చూశారని ఊరంతా నమ్మింది. చూసింది ఒక్కరే. మిగతా ఇద్దరూ ఆయన రాతను చూశారు. నాకు నోరుంటే ఆ గదుల్లోనే అరిచి ఉండేదాన్ని.

వన్నూరప్ప పూట తప్పకుండా మందులు వేసుకున్నాడు. నొప్పి తగ్గలేదు. నాలుగేళ్లు గడిచిపోయాయి. చివరికి ఆయన భార్య హనుమక్క నన్ను కొంగులో చుట్టుకుని హిందూపురంలో డాక్టర్ జీనత్ దగ్గరికి తీసుకెళ్లింది.

"మూడు మందుల సీటీలు రాయించుకున్న్యాం మేడమ్. ఈ సీడీ బిళ్లలో ఏముండాదో ఎవురూ సూడల్యా. మీరన్నా సూడండి," అంది.

జీనత్ పాత కంప్యూటర్ ఒకటి వెతికించి, నన్ను అందులో పెట్టి మూడుసార్లు చూసింది. ఇన్నేళ్లకు నా బతుకు నాకు దక్కినట్టయింది.

"ఇదిగో చూడమ్మా, ముందు వైపు దారి మూసుకుపోయింది. కానీ ఎడమ రక్తనాళం నుంచి సన్నదారులు పుట్టి, వెనక వైపు నుంచి దీనికి రక్తం అందిస్తున్నాయి. గుండె కండ బతికే ఉంది. దీన్ని తెరవడం నాకు రాదు. వచ్చినవాళ్లు హైదరాబాదులో ఉన్నారు, చీటీ రాసిస్తాను. పదిమందిలో ఒకరిద్దరికి కుదరకపోవచ్చు. ఆయుష్షు పెరుగుతుందని చెప్పను, నొప్పి మాత్రం పోవచ్చు."

'నాకు రాదు' అని చెప్పిన మొదటి డాక్టరు ఆమె. ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

హైదరాబాదులో మూడు గంటలు పట్టింది. ముందు నుంచి పంపిన తీగ కదలలేదు. వెనక ఉన్న సన్నదారిలోంచి ఇంకో తీగ తెచ్చి, రక్తనాళం తెరిచి స్టెంట్లు వేశారు. ఆ తరవాత వన్నూరప్ప అనంతపురంలో మొదటి డాక్టరుగారికి ఎదురుపడి సంగతి చెబితే, "ఈమధ్య కొత్త పద్ధతులొచ్చాయి లెండి," అన్నారాయన. ఈమధ్య ఎక్కడ? నేను పుట్టేనాటికే అది చేసేవాళ్లున్నారు. ఆయన తెలుసుకోలేదు, తెలిసినవాళ్లను అడగనూ లేదు.

ఇప్పుడు నన్ను హనుమక్క కొర్ర చేలో దారం కట్టి వేలాడదీసింది. నా మీద ఎండ పడి మెరిస్తే పిట్టలు లేచిపోతాయి. కనీసం పిట్టలైనా నన్ను చూస్తున్నాయి.

చేను పక్కనే కళ్లం. మొన్న సాయంత్రం వన్నూరప్ప గజ్జెలు కట్టుకుని అక్కడ జట్టును రమ్మన్నాడు. గురువు దిగని జట్టు నాలుగేళ్లు కలిసి ఉంటుందా? ఎక్కువమంది బెంగళూరు కట్టడాల పనికి వెళ్లిపోయారు. ఒకాయన చనిపోయాడు. ఐదుగురు వచ్చారు. పదహారు మంది పట్టే పాత గుండ్రంలోనే మనిషికీ మనిషికీ మధ్య బండి పట్టేంత ఖాళీ వదిలి నిలబడ్డారు. ఆయన పాట ఎత్తుకుని ఎగిరాడు. ఎక్కడా ఆగలేదు, మూడు పాటలు పూర్తిగా ఆడాడు.

హనుమక్క నీళ్ల చెంబు తెచ్చి, "ఎద పట్టుకుందా?" అని అడిగింది.

"నొప్పి యాడా ల్యా మే," అన్నాడాయన, గజ్జెలు విప్పుతూ. "గుండ్రమే నిండల్యా."