పదహారో ఇంటి మూట

నేను ఒక ఇనుప సందూకను. ట్రంకుపెట్టె అన్నా పలుకుతాను. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, ఒంటినిండా ఆకుపచ్చ రంగు, మూతమీద ఒక గులాబీ పువ్వు. ఆ పువ్వును చూసి గులాబీ అన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు, క్యాబేజీ అన్నవాళ్లు మాత్రం ఉన్నారు. నన్ను చేసిన ఖాజామియా రేకు కొట్టడంలో ఆరితేరినవాడే గానీ బొమ్మల దగ్గర ఆయన చెయ్యి తిరగలేదు. పాపం, పెద్ద మనిషి, పోయినవాణ్ణి ఆడిపోసుకోవడం ఎందుకు.

మంచిర్యాల బజారులో ఆయన కొట్టు ముందు ఎండకు ఎండుతూ ఉంటే ఓదెలు అనే బొగ్గుబాయి కార్మికుడు నన్ను కొన్నాడు. అప్పుడే పెళ్లయింది. పెళ్లాం చీరలు పెట్టుకోవడానికి పెట్టె కావాలన్నాడు. సైకిల్ వెనక కట్టుకుని కాలనీకి తీసుకుపోయాడు. పదహారు క్వార్టర్ల లైనులో నాలుగోది వాళ్ల ఇల్లు. ఆయన భార్య లస్మక్క నన్ను తడిగుడ్డతో తుడిచి, లోపల పేపరు పరిచి, తనకున్న నాలుగు చీరలూ పెట్టింది. ఇంకా ముప్పావు వంతు ఖాళీ మిగిలింది. నా బతుకు ఇంతేనా అనుకున్నాను.

కాదని తెలియడానికి ఏడాది పట్టింది. లైనులో ఆడవాళ్లకు ఒక భయం ఉండేది. బయటి దొంగ భయం కాదు. జీతాల రోజు సాయంత్రం మొగుళ్లు కల్లు దుకాణం మీదుగా, పేకాట మీదుగా ఇంటికి వచ్చేవాళ్లు. జీతం అక్కడే కరిగితే మర్నాడు బియ్యం డబ్బాలో, పరుపు కింద, పోపుల డబ్బా అడుగున చేతులు పెట్టి వెతికేవాళ్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మూడో ఇంటి బుచ్చమ్మ తన బంగారు పూసల గుండ్లపేరును పిండి డబ్బాలో దాస్తే, పిండితో సహా ఎత్తుకుపోయాడట ఆవిడ పెనిమిటి. పిండి తిరిగొచ్చింది.

ఓదెలు తాగడు, ఆడడు. లస్మక్కకు పిల్లలు లేరు. పుస్తెలు తప్ప ఆమె ఒంటిమీద గోరంత బంగారం లేదు, కావాలన్న యావ కూడా లేదు. కాబట్టి బుచ్చమ్మ ఒకరోజు, అప్పు తీర్చి విడిపించుకున్న గుండ్లపేరును పాత చీర ముక్కలో మూట కట్టి తెచ్చి, నీ సందూకలో పెట్టక్కా అని బతిమాలింది. ఆ తర్వాత ఐదో ఇల్లు వచ్చింది, తొమ్మిదో ఇల్లు వచ్చింది. రెండేళ్లలో లైనంతా నా కడుపులోకి చేరింది. చీరలు దండెం మీదికి పోయాయి.

లస్మక్క ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరి మూట వాళ్ల చీర ముక్కతోనే కట్టాలి, ముడి వాళ్లే వెయ్యాలి. ఆమె ముడి ముట్టదు. తీసుకుపోయేటప్పుడు మాత్రం ఆమె ఎదుటే విప్పి చూసుకుని, అన్నీ ఉన్నాయని నోటితో చెప్పి కదలాలి. తర్వాత మాటలు రావద్దని. కాగితం లేదు, సంతకం లేదు. ఇన్నేళ్లలో ఒక్క ముక్కుపుడక కూడా పోలేదని నేను గర్వంగా చెప్పుకుంటాను. నిజానికి అందులో నా గొప్పేమీ లేదు. నా తాళాన్ని ఒక మేకుతో ఊడదీయవచ్చు. అసలు తాళం లస్మక్కే. ఊరి బంగారం ఇంట్లో ఉందని ఆమె ఎక్కడికీ పోయేది కాదు. చెల్లెలు రాజవ్వ కూతురి పెళ్లికి కూడా ఓదెలునొక్కణ్ణే పంపింది. రాజవ్వ రెండేళ్లు మాట్లాడలేదు.

కానీ ఇల్లు మాత్రం కళకళలాడేది. పెళ్లికో పేరంటానికో మూట కోసం వచ్చిన మనిషి ఊరికే పోదు కదా. నేలమీద చతికిలబడుతుంది, చాయ్ తాగుతుంది, అత్తను తిడుతుంది, కళ్లు తుడుచుకుంటుంది. లస్మక్క అన్నీ వింటుంది. పిల్లలు లేరన్న సంగతి ఆమె మరిచిపోయేది ఆ కాసేపే.

ఇక స్వరూప గురించి చెప్పాలి. చివరిదైన పదహారో ఇంటికి కొత్త కోడలిగా వచ్చింది. ఇరవయ్యేళ్లుంటాయి. మొగుడు మొగిలి, పేరుకే కార్మికుడు. బాయికి పోయిన రోజుల కంటే పోని రోజులే ఎక్కువ. వచ్చిన ఆరునెలలకు స్వరూప కూడా ఒక మూట తెచ్చింది, నీలం మీద పసుపు చుక్కల గుడ్డ. లస్మక్క నవ్వుతూ తీసుకుని నాలో పెట్టింది.

పెట్టిన మరుక్షణం నాకు తెలిసిపోయింది. బంగారం ఇనుము మీద ఆనితే మెత్తగా, సిగ్గుపడ్డట్టు ఉంటుంది. ఇది ఠక్కుమంది. మా జాతే. నాలుగు నట్లు, రెండు వాషర్లు. మొగిలి సైకిలుకో, బాయిలో ఏ యంత్రానికో ఊడినవి. ఆ పిల్ల పుట్టింటివాళ్లు పెట్టిన కమ్మలూ గొలుసూ మొగిలి అప్పటికే కుదువ పెట్టి తాగేశాడు. ఆ మాట బయటికి చెప్పుకోలేదు. లైనులో పద్నాలుగు ఇళ్లవాళ్ల మూటలు ఇక్కడుంటే, నీ సొమ్ము ఏదే అని నీళ్ల నల్లా దగ్గర అడిగితే ఏం చెబుతుంది? అందుకని ఇనుము మూట కట్టింది.

నాకు నోరుంటే లస్మక్కకు ఆ రోజే చెప్పేదాన్ని. ఆమె ప్రతి శుక్రవారం మూటలన్నీ తీసి, నన్ను తుడిచి, మళ్లీ వరసగా పేర్చేది. ఆ నట్ల మూటను కూడా బుచ్చమ్మ గుండ్లపేరంత జాగ్రత్తగా రెండు చేతులతో ఎత్తేది. చూస్తుంటే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. మనుషుల్లో ఇంత అమాయకులు కూడా ఉంటారా అనిపించేది.

స్వరూప తన మూటను ఏనాడూ తీసుకుపోలేదు. నెలకోసారి వచ్చి, చూసిపోతా అక్కా అని మూట తడిమి మళ్లీ పెట్టేది. అలా వచ్చినప్పుడల్లా మధ్యాహ్నమంతా కూర్చునేది. లస్మక్క ఆమె తల దువ్వేది.

నాలుగేళ్లకు మొగిలి నౌకరి ఊడింది. ఒక పొద్దున సామాను ఆటోలో వేశారు. లస్మక్క నా మూత తెరిచి నీలం మూట చేతపట్టుకుని గడపలోకి వచ్చింది. సాగనంపడానికి లైను ఆడవాళ్లు అరడజను మంది నిలబడి ఉన్నారు. వాళ్ల ఎదుట ముడి విప్పాలి. స్వరూప ముఖం పాలిపోయింది. ఇప్పుడు వద్దని, ఎక్కడన్నా ఇల్లు కుదిరాక వచ్చి తీసుకుపోతానని, నీ దగ్గరే భద్రమని గబగబా చెప్పి ఆటో ఎక్కింది.

పదకొండేళ్లు రాలేదు.

ఆ పదకొండేళ్లలో కాలం చాలా పని చేసింది. బ్యాంకులో లాకర్లు వచ్చాయి. ఇళ్లల్లోకి స్టీలు బీరువాలు వచ్చాయి, అద్దాలతో, లోపల మరో తాళంతో. పిల్లలు ఎదిగి ఉద్యోగాల్లో చేరి, అమ్మా ఎవరింట్లోనో మన బంగారమేంటి అన్నారు. తప్పు మాట కాదు. ఒక్కొక్కరే వచ్చారు. ముడి విప్పారు, చూసుకున్నారు, ఉన్నాయన్నారు, లస్మక్క చేతులు పట్టుకుని నీ రుణం తీర్చుకోలేమన్నారు. తీర్చుకోలేని రుణమున్న ఇంటికి మనుషులు ఎక్కువగా రారని నాకు అప్పుడు తెలిసింది. బుచ్చమ్మ పక్క ఇంట్లోనే ఉండి, కిటికీలోంచి పలకరించేది.

ఓదెలు రిటైరైన రెండేళ్లకు దగ్గుతో పోయాడు. ఆ పదిరోజులు ఇల్లు నిండింది, పదకొండో రోజు ఖాళీ అయింది. నాలో ఒకే ఒక్క మూట మిగిలింది. లస్మక్క శుక్రవారం తుడవడం మానలేదు. మూట తీసి ఒళ్లో పెట్టుకుని, తుడిచాక కూడా చాలాసేపు అలాగే కూర్చునేది. మాట్లాడటానికి ఎవరూ లేని ఇంట్లో పగలు ఎంత పొడుగో నాకు తెలుసు, నేను ఆమె పక్కనే ఉన్నాను.

ఇంతలో పాత లైను కూల్చేస్తామని కబురొచ్చింది. గోడలు బీటలువారాయి, ఎప్పుడు ఎవరిమీద పడతాయో తెలియదన్నారు. అందరూ ఖాళీ చేశారు. రాజవ్వ కోపం మరిచి, వచ్చి తమతో ఉండమని కబురు మీద కబురు పంపింది. లస్మక్క కదల్లేదు. కాగితం పట్టుకుని వచ్చిన గుమాస్తాకు చాయ్ ఇచ్చి, ఒకామె సొమ్ము తన దగ్గర ఉందని, తాను పోతే ఆమె ఎక్కడని వెతుక్కుంటుందని చెప్పింది. ఆయన తల గోక్కుంటూ వెళ్లాడు. కరెంటు తీశారు. నల్లా ఆగింది. అవతలి కొస నుంచి ఇళ్లు పడగొట్టుకుంటూ వస్తున్నారు. పదహారో ఇల్లు పడిన రోజు లస్మక్క అన్నం వండుకోలేదు. డెబ్బయ్యేళ్ల మనిషి బిందె పట్టుకుని కాలనీ అవతలికి నడుస్తుంటే నా రేకు గుండె కూడా తరుక్కుపోయింది. నాలుగు నట్ల కోసం!

బుచ్చమ్మకు మంచిర్యాలలో ఒక బట్టల దుకాణం మెట్లమీద స్వరూప కనిపించిందట. మొగిలి పోయాడు. కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. నీ బంగారం కోసం ఆ ముసలిది కూలే కప్పు కింద కూర్చుంది, నీకేమైనా పాపభయం ఉందా అని బుచ్చమ్మ నడిబజారులో కడిగిపారేసింది.

మర్నాడు మధ్యాహ్నం స్వరూప వచ్చింది. మనిషి సగమైంది, చెవులకు మాత్రం చిన్న కమ్మలున్నాయి. లస్మక్క ఆమెను చూసి చాప పరిచింది. కూర్చోబెట్టి, ముంతలో మిగిలిన నీళ్లిచ్చి, నా మూత తెరిచి మూట ఆమె ముందు పెట్టింది. విప్పి చూసుకోమంది.

స్వరూప ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"అక్కా, అండ్ల బంగారం లేదు. ఎన్నడు లేకుండె."

"తెలుసు," అంది లస్మక్క.

నేను ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్లూ నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"పద్నాలుగు ఇండ్ల బంగారం ఎత్తిన చెయ్యి గిది. దానికి బరువు తెల్వదా బిడ్డా? తెచ్చిన దినమే తెలిసింది."

స్వరూపకు దుఃఖం ముంచుకొచ్చింది. తెలిసి కూడా నీళ్లు లేక, దీపం లేక ఎందుకు కూర్చున్నావని, తనను ఎందుకింత పాపంలోకి దించావని ఏడుస్తూ అడిగింది. లస్మక్క వాకిట్లో కూలిన ఇళ్ల మట్టి వైపు చూస్తూ, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది.

"ఎవలయి వాళ్లు తీస్కపోయిన్రు. తీస్కపోయినంక ఒక్కలు గడప తొక్కలే. నీదొక్కటే మిగిలింది. అదున్నన్ని దినాలు ఎన్నడో ఒకనాడు నువ్వన్న వస్తవని ఉన్న."

స్వరూప చెవి కమ్మలు తీసి, ఇవి నిజమైనవి, ఇవి పెట్టుకో అక్కా అంది. లస్మక్క నవ్వి చేతులు వెనక్కి తీసుకుంది. ఈ వయసులో బంగారం కావలి తన వల్ల కాదని, నట్లే నయమని, అవి ఉంటే నిద్ర పడుతుందని చెప్పింది. స్వరూప మూట ఎత్తి, విప్పకుండానే నాలో పెట్టింది. రాజవ్వ ఊరికి పోయి ఉండమని, దసరా దాటాక అక్కడికే వచ్చి చూసిపోతానని ఒట్టు వేసింది.

ఇప్పుడు నేను రాజవ్వ ఇంట్లో వెనక గదిలో ఉన్నాను. నా మీద వడ్ల బస్తా వేశారు. రాజవ్వకు మనవలు, పశువులు, వంద పనులు. లస్మక్కకు ఇక్కడ వేళకింత అన్నం ఉంది, మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. దసరా దాటింది. మంచిర్యాల నుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి, పెళ్లిళ్ల కాలంలో కుట్టుపని కూడా ఎక్కువే ఉంటుంది. లస్మక్క ఆ కారణాలన్నీ తనకు తానే చెప్పుకుంటుంది.

మొన్న పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. రాజవ్వ కోడలు నన్ను చూపించి, తుప్పు పట్టిన డబ్బా, ఇచ్చేద్దామా పెద్దత్తా అని అడిగింది. లస్మక్క వచ్చి, బస్తాకు అడ్డంగా నిలబడింది.

"ఇయ్యద్దు బిడ్డా. మనిషి రావాలె," అంది.

కోడలు ఎవరని అడగలేదు. పాత సామాన్లవాడు వెళ్లిపోయాడు. లస్మక్క గడప మీద కూర్చుని బస్సు ఆగే వైపు చూస్తోంది.