పదకొండు చింతగింజలు

చంద్రుగొండ దారిలో తిరిగే బస్సుల్లో కమ్లిని ఎరగని కండక్టరు లేడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన నాటి నుంచి ఆమె ఆధార్ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, దారం కట్టి, మెడలో వేసుకుంది. మిరపకాయల సంచితో కొత్తగూడెం పోయినా, మొక్కు తీర్చడానికి పర్ణశాల పోయినా, కండక్టరు నోరు తెరవకముందే కార్డు పైకెత్తేది. చేతిలో సున్నా టికెట్టు పడేది. పక్కన మొగుడు హేమ్లా పైసలిచ్చి టికెట్టు కొనుక్కునేవాడు.

"నీకంటే నీ కార్డుకే ఇజ్జత్ ఎక్కువున్నదే," అనేవాడు ఉడుక్కుంటూ.

"మరి? దీని మీద నా బొమ్మ ఉన్నది. నీ నోట్ల మీద నీ బొమ్మ ఉన్నదా?"

బస్సంతా నవ్వేది.

ఆ కమ్లి, కూతురు కళ్యాణి నీళ్ళోసుకుందని తెలిసి, నార్వే దేశంలోని ఓస్లో పట్నం చేరింది. కళ్యాణి అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. అల్లుడు తిరుపతి ఒక హోటల్లో వంట చేస్తాడు. ఆ పట్నంలో వీధుల్లోనే పట్టాలు, పట్టాల మీద బస్సులాంటి బండి, ట్రామ్ అంటారు. ఎక్కితే టికెట్టు కొట్టే మనిషి ఉండడు. తలుపు తెరుచుకుంటుంది, లోపలికి పోవడమే. కూతురు మాత్రం ఒక ప్లాస్టిక్ కార్డు చేతికిచ్చి మరీ మరీ చెప్పింది.

"యాడీ, కార్డు లేకుండ ట్రామ్ ఎక్కకు. ఏం మరిచినా గది మరవకు."

కన్నతల్లిని వాళ్ళ లంబాడీ భాషలో యాడీ అనే పిలుస్తారు. "అవ్ తియ్. కార్డు లేకుండ నేనెన్నడన్న బస్సెక్కిన్నా?" అంది కమ్లి.

చదువు రాదు కనుక స్టాపుల పేర్లు ఆమెకు పట్టుబడలేదు. ఇంటి నుంచి దవాఖానా పదకొండో స్టాపు. ఊరి నుంచి తెచ్చిన చింతపండులో గింజలు ఏరి, పదకొండు లెక్కపెట్టి, కోటు కుడి జేబులో పోసుకుంది. స్టాపుకొక్క గింజ ఎడమ జేబులోకి మారుతుంది. కుడి జేబు ఖాళీ అయితే దిగాలి. కళ్యాణితో నాలుగుసార్లు అలాగే పోయి వచ్చింది.

ఆరో నెల నిండకుండానే కళ్యాణికి నొప్పులొచ్చాయి. తిరుపతి ఆమెను దవాఖానాకు తీసుకుపోయాడు. ఎనిమిది గంటలకు, ఇంకా సరిగా తెల్లవారని ఆ చలికాలపు పొద్దున, ఫోన్ చేశాడు.

"ఆడపిల్ల అత్తమ్మా. దోసెడంత ఉన్నది. గంటో రెండు గంటలో అంటున్నరు. జల్దీ రాండ్రి."

కమ్లి కోటు తొడుక్కుంది. ఎందుకంత తొందరో చెప్పాలి. ఆమె తొలిచూలు కొడుకు మూడోనాడే పోయాడు, పేరు పెట్టకముందే. తండాలో దీపావళికి నిప్పుల మీద నెయ్యి పోసి, అన్నం ముద్దలు వేసి, పోయినవాళ్ళను పేరుపేరునా పిలుస్తారు; మంట లేస్తే వాళ్ళు వచ్చినట్టు. పేరు లేనివాణ్ణి ఏమని పిలుస్తుంది తల్లి? ముప్ఫై ఏళ్ళుగా చివర ఒక ముద్ద ఎక్కువ పట్టుకుని, పిలవలేక, మళ్ళీ గిన్నెలోనే పెట్టేది. ఈ పిల్ల కూడా అట్లా పోకూడదు. ప్రాణం ఉండగానే అమ్మమ్మ నోటి నుంచి చెవిలో పేరు పడాలి.

తలుపు దగ్గర రెండు కార్డులూ వేలాడుతున్నాయి. తొందరలో కమ్లి చెయ్యి బొమ్మ ఉన్నదాని మీదికే పోయింది. బొమ్మ లేని కార్డు తనది ఎలా అవుతుంది?

నాలుగో గింజ మారుస్తుండగా మళ్ళీ ఫోన్.

"అత్తమ్మా, పేరేందో ఫోన్ల చెప్పుండ్రి. నేను బిడ్డ చెవికాడ పెడత."

"ఏందయ్యా, ఫోన్ల పెడతరా పేరు? ఒళ్ళ పండుకోబెట్టుకొని పెట్టాలె. ఇగ ఏడు గింజలే ఉన్నయ్. వస్తున్న."

ఎనిమిదో గింజ దగ్గర ఇద్దరు ఎక్కారు, ఒక పడుచు పిల్ల, ఒక గడ్డమాయన. అందరి కార్డులూ చూస్తున్నారు. కమ్లి అలవాటుగా ఆధార్ పైకెత్తింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపింది.

"నేనే అది! బొమ్మ చూడు బిడ్డా! నా మనుమరాలు పోతున్నది, నన్ను పోనియ్!"

ఆ పిల్లకు ఆమె భాష తెలియదు. కన్నీళ్ళు చూసి భుజం మీద చెయ్యి వేసింది గానీ, దించక మానలేదు. ఒక కాగితం రాసి చేతిలో పెట్టి, అది చూపి వెనక వచ్చే ట్రామ్ ఎక్కమని వాళ్ళ భాషలో చెప్పింది. కమ్లికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. కమ్లి తిరుపతికి ఫోన్ చేసింది. ఇప్పుడు చెప్పేద్దామనుకుంది, పేరు ఫోన్‌లోనైనా సరే. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

వెనక ట్రామ్ వచ్చి తలుపులు తెరిచింది. మళ్ళీ దించేస్తారేమోనని భయపడి కమ్లి ఎక్కలేదు. పట్టాల వెంబడి నడిచింది. మంచు పిక్కల దాకా వచ్చింది. ఒక స్టాపు, ఒక గింజ. ఇంకో స్టాపు, ఇంకో గింజ. రెండు ట్రాములు ఆమెను దాటుకుపోయాయి. కుడి జేబు ఖాళీ అయ్యేసరికి వేళ్ళకు స్పర్శ లేదు.

దవాఖానా లోపల కళ్యాణి ఒడిలో తెల్ల గుడ్డ మూట. తిరుపతి గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. కమ్లి ఆ మూట అందుకుని, ఆ చిన్న చెవి దగ్గర నోరు పెట్టి, తన తల్లి పేరు చెప్పింది.

"పూలి. నీ పేరు పూలి."

చెవి చల్లగా ఉంది.

"ఇప్పటిదాంక ఉన్నది యాడీ," అంది కళ్యాణి. "ఫోన్ల చెప్తే ఏమైతుండె?"



ఆ ఏడు దీపావళికి తండాలో హేమ్లా నిప్పుల మీద నెయ్యి పోశాడు. అత్తమామల పేర్లు, తోడికోడలి పేరు పిలిచి ముద్దలు వేసింది కమ్లి. ఒక్కొక్కరికీ మంట లేచింది. చివరి ముద్ద చేతిలోకి తీసుకుంది.

"పూలీ, దా బిడ్డా. దవాఖానా ముంగట పట్టాల బండి ఎక్కు. పదకొండు స్టాపులు. ఆన్నుంచి ఇమానం. ఇమానం దిగి మన కొత్తగూడెం బస్సెక్కు, ఆన్నుంచి చంద్రుగొండ బస్సు. ఆడపిల్లవు, టికెట్ అక్కర లేదు. ఎవలన్న అడిగితే పేరు చెప్పు."

ముద్ద వేసింది. పొగ తప్ప మంట లేదు.

"ఇంకింత నెయ్యి పొయ్యన్నా?" అన్నాడు హేమ్లా మెల్లగా.

"ఆగు," అంది కమ్లి, నిప్పుల మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "దూరం గదా. వచ్చేసరికి టైం పడతది."