జీడి చెట్టు చుట్టం

హన్మాండ్లుకు అమ్మవారు పోసిందని ఖతార్‌లోని మెసయీద్ లేబర్ క్యాంప్‌లో మొదట తేల్చింది భూమేష్. డాక్టరు కాదు, పూజారీ కాదు, పక్క మంచం వాడు. తెల్లారేసరికి హన్మాండ్లు చేతులు మోచేతుల దాకా పొక్కి, కంటిరెప్పలు ఉబ్బి, మనిషి ఆనవాలు పట్టరాకుండా ఉన్నాడు. చూడగానే భూమేష్ చేతులు జోడించాడు.

"అన్నా, తల్లి వచ్చింది. సూదులు, గోలీలు వద్దు. తల్లికి కోపమొస్తది."

ఇక ఆ గదిలో జరిగిన మర్యాద చూడాలి. బస్టాపు దగ్గరి వేపచెట్టు కొమ్మ తలుపుకు వేలాడింది. పెరుగన్నం గడప దాకా వచ్చి ఆగింది. నిన్నటిదాకా ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టిన ఐదుగురూ పరుపులు చుట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయారు, వెళ్తూ వెళ్తూ దండం పెట్టి మరీ. పోచమ్మ తల్లికి ఖతార్ వీసా ఎవరిచ్చారని అడిగినవాడు ఒక్కడూ లేడు.

హన్మాండ్లుకు మంట కన్నా పెద్ద బాధ వేరే ఉంది. శుక్రవారం అతని విమానం. కూతురు పుష్పకు నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి నిర్మల్ దగ్గరి ఊళ్ళో అతని ఇంట్లోనే ఉంది. కిందటేడు కడుపు నిలవలేదు. ఈసారి పక్కనుంటానని కూతురికి మాటిచ్చాడు. నిండు చూలాలి దగ్గరికి అమ్మవారు పోసిన ఒళ్ళుతో ఎలా పోతాడు? పొద్దున్నే భార్య గంగాబాయికి ఫోన్ చేసి, "ఛుట్టి క్యాన్సిలయింది, కంపెనీల పని పడ్డది" అని అబద్ధమాడాడు. తరువాత గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం ఫోర్‌మన్ డేనియల్ వచ్చాడు. పాలకొల్లు మనిషి. ఆదివారం ప్రార్థనలో పాడే గొంతుతోనే మిగతా రోజులు కేకలేస్తాడు. ఈ రోజు మాత్రం గడప బయటే నిలబడ్డాడు.

"ఏవయ్యా హన్మాండ్లూ, ఆ జపాన్ పెట్టెకి పూసింది నువ్వే కదా? మూడు రోజుల్నుంచీ ఏసీ గదిలోనే ఉంది, ఆరి చావట్లేదు. పెట్టె గలావిడ, ఆ అల్ అజీజియా మేడమ్, ఫోన్ల మీద ఫోన్లు."

అది పాత నల్ల పెట్టె. మూత పెచ్చులూడితే వర్క్‌షాపుకు మరమ్మతుకు వచ్చింది. దాంతోపాటే మూతకు పూయడానికి ఒక ట్యూబూ వచ్చింది. ఫర్నిచర్ పాలిష్‌లో ఇరవై ఏళ్ళుగా చెయ్యి తిరిగిన హన్మాండ్లు గ్లౌజులు తొడగడు, తొడిగితే వేలికి కళ్ళు పోతాయంటాడు. బొటనవేలితో నలిపి చిక్కదనం చూడడం, ఆ వేలిని మోచేతికి తుడుచుకోవడం అతని అలవాటు.

"ఎందుకారదు సార్? అసలు గదేం రంగు?"

"రంగు కాదంట. దాంతో వచ్చిన కాగితం ఇవాళే చదివించాను. చెట్టుకి గాట్లు పెట్టి తీసిన పాలంట. గాల్లో తేమ ఉంటేనే గట్టిపడుద్దంట. మనవేమో పొడిగదిలో పెట్టి కూర్చున్నాం. నా ఖర్మ, చొక్కాకీ అంటింది. మూడుసార్లు ఉతికాను, పోలేదు."

హన్మాండ్లు లేచి కూర్చున్నాడు. "చెట్టు పాలా? గాలి తగిలినంక నల్లగయిందా సార్?"

డేనియల్ చెయ్యి చాపి చొక్కా అంచు చూపించాడు. నల్లటి మచ్చ.

హన్మాండ్లు బట్టలుతికే ఇంట పుట్టినవాడు. ఊరి బట్టలు కలిసిపోకుండా అతని తల్లి నల్లజీడి గింజను గుచ్చి, ఆ రసంతో పటేలు ధోవతికి ఒక చుక్క, పంతులు చొక్కాకు రెండు చుక్కలు పెట్టేది. బట్ట చిరిగినా చుక్క పోయేది కాదు. ఎనిమిదేళ్ళప్పుడు ఆ రసంతో ఆడుకుంటే ఇవే పొక్కులు, ఇవే ఉబ్బిన రెప్పలు. తల్లి తిట్టినన్ని తిట్లు తిట్టి కొబ్బరినూనె రాసింది.

అతను గబగబా చొక్కా విప్పి చూసుకున్నాడు. అమ్మవారైతే ముందు పోయాల్సిన పొట్ట మీద ఒక్క పొక్కు లేదు. మోచేతుల మీద మాత్రం వేలు తుడిచిన చోటల్లా చారలు చారలుగా ఉన్నాయి.

"సార్, ఇది అమ్మవారు గాదు! జీడి! మా జీడి చెట్టు చుట్టం!"

"ఆ మాట డాక్టర్ చెప్పాలి. యల్లా, బండెక్కు."

క్లినిక్‌లో డాక్టర్ సబ్రీన్ చేతులు చూసింది, డేనియల్ వెంట తెచ్చిన ట్యూబు చూసింది, జీడి కథంతా ఓపిగ్గా విన్నది. రెండూ ఒకే కుటుంబం చెట్లని, రెండింటి రసంలోనూ ఒకే తరహా విషం ఉంటుందని, చిన్నప్పుడు జీడి తగిలిన సంగతి ఒళ్ళు మరిచిపోలేదని హిందీలో వివరించింది. గట్టిపడ్డాక అదే పాలు నిరపాయమని, అది పూసిన గిన్నెల్లో జపాన్‌వాళ్ళు భోజనమే చేస్తారని కూడా చెప్పింది. హన్మాండ్లు చెవికి అవేవీ ఎక్కలేదు. ఇంట్లో కూతురు నిండు చూలాలు, నా నుంచి ఆమెకు అంటుకుంటుందా అని మాత్రం అడిగాడు.

అంటుకోదంది. పొక్కుల నీళ్ళు ఎవరినీ ఏమీ చెయ్యవని, ఆ పాలు అంటిన బట్టలు మాత్రం వెంట తీసుకెళ్ళొద్దని చెప్పి, మందులు రాసిచ్చింది. హన్మాండ్లు "హమ్మయ్య" అని అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు.

క్యాంప్‌లో పరుపులన్నీ వెనక్కి వచ్చాయి. భూమేష్ సిగ్గుపడుతూ వేపకొమ్మ తీసేశాడు. "తల్లి కాదంటివి, నా దండం నాకు వాపస్ ఇయ్యన్నా" అంటే గది గదంతా నవ్వింది. అవతల వర్క్‌షాపులో జపాన్ పెట్టెను తడిగుడ్డలు పరిచిన బీరువాలో పెట్టారు.

హన్మాండ్లు ఇంటికి వీడియో కాల్ చేశాడు. పుష్ప ఎత్తింది. తండ్రి ముఖం చూసి "ఏమైంది నాయినా?" అంది. అతను పొద్దుటి అబద్ధంతో సహా అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"అయితే వస్తున్నవా నాయినా?"

"వస్తున్న బిడ్డా. టికెట్ అట్లనే ఉన్నది."

"నువ్వు రావని అవ్వ చెప్తే పొద్దుగాల ఏడ్వలే, గట్టిగనే ఉన్న" అంటూనే పుష్ప భోరుమంది. హన్మాండ్లు ఉబ్బిన కళ్ళు తుడుచుకుని ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏడ్వకు తల్లీ. లోపలున్నదానికి చెప్పు, శుక్రవారం దాకా ఆగుమను. తాత వస్తుండు."