ఏనుగున్న పేజీ

పుంగనూరు దాటాక బస్సు కిక్కిరిసింది. పైనున్న కమ్మీకి మోచెయ్యి ఆనించి, ఎవరి కాళ్లూ తొక్కకుండా తిప్పేస్వామి వెనక సీటు దాకా వెళ్లి టికెట్లు కొట్టి వచ్చాడు. మదనపల్లె నుంచి కుప్పం వెళ్లే ఈ బస్సులో కండక్టరుగా అతనికి ఇదే ఆఖరి రోజు. భుజాన సంచిలో అన్నం క్యారియరు పక్కనే ఉతికి మడతపెట్టిన తెల్లటి పంచె ముక్క ఉంది.

"ఈ పొద్దన్నా సిక్కుతాదా అప్పా, నీ ఏనుగు?" డ్రైవరు గిరిబాబు అద్దంలోంచి నవ్వాడు.

"సిక్కుతాది. ఆయమ్మ మాట ఇచ్చుండాది."

తిప్పేస్వామికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా దొరల కాలం నాటి వేట పుస్తకాలు. పులిని ఎలా కాల్చాలో, చేపకు గాలం ఎలా వెయ్యాలో, డేగను ఎలా మచ్చిక చేసుకోవాలో తీరిగ్గా రాసుకున్న లావాటి ఇంగ్లీషు పుస్తకాలు. పుంగనూరులో పాత కాగితాల అంగట్లో మొదటిది దొరికినప్పుడు, పల్చటి కాగితం చాటునున్న రంగుల బొమ్మ చూసి నోరు వెళ్లబెట్టాడు. కోడిని కొయ్యడానికి కూడా చెయ్యిరాని మనిషి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ అడవులన్నీ తిరిగాడు. పురుగు పట్టకుండా పుస్తకాల మధ్య అతను వస కొమ్ములు పెడుతుంటే, "నన్నెప్పుడన్నా ఇంత బాగా సూసుకున్నావా" అని భార్య లత దెప్పేది.

ఏనుగుల వేట పుస్తకానికి రెండు భాగాలు. దొర ఎదుటికి ఒంటరి ఏనుగు దూసుకొచ్చే చోట మొదటి భాగం ఆగిపోయింది. ఎవరు బతికారో అతనికి తెలియదు. రెండో భాగం కోసం బీరువాలో చోటు వదిలిపెట్టి ఏళ్లుగా వెతుకుతున్నాడు. అలాంటి బొమ్మల పుస్తకం తమ ఇంట్లో ఉందని, కూరగాయల గంపతో బస్సెక్కే రామకుప్పం వసంతమ్మే చెప్పింది. ఆమె మామగారి తండ్రి దొర బంగళాలో వంట చేసేవాడట. అడగ్గా అడగ్గా, "నీ డూటీ అయిపోయేనాడు వచ్చి తీసుకోని పోప్పా" అంది.

కుప్పంలో బస్సు ఆగగానే అన్నం కూడా తినకుండా, పుస్తకం చుట్టడానికి తెచ్చుకున్న పంచె ముక్కతో ఆటో ఎక్కాడు.

వసంతమ్మ ఇంట్లో పుస్తకం దేవుడి గూట్లో తెరిచి నిలబెట్టి ఉంది. పేజీ నిండా అదే ఒంటరి ఏనుగు. చెవులు విప్పి, తొండమెత్తి మీదికే వచ్చేస్తోంది. దాని నుదుటి మీద ఏళ్ల తరబడి పెట్టిన పసుపూ కుంకుమా పెచ్చులు కట్టి ఉన్నాయి. పుస్తకం మీద వేలిముద్ర పడితేనే ఓర్చుకోలేని తిప్పేస్వామి ఆ పెచ్చుల వంకే చూస్తుండిపోయాడు.

"అట్ల సూస్తాండావు యాల? మా వినాయకుడప్పా. మొన్న అడివి ఏనుగులు దిగి సుట్టూరా రాగి సేన్లన్నీ తొక్కేసినాయి. మా సేన్లో అడుగు పెట్టలే."

"మరి నాకు ఇచ్చేస్తే ఎట్లమ్మా?"

"మాటిచ్చినాను గదా. తీసుకోని పో." అంటూనే ఆమె చెయ్యి ఏనుగు నుదుటిని ఒకసారి తడిమింది.

"ఈ పేజీ ఎప్పుడన్నా తిప్పినారా?"

"దేవుడి మొగం ఎవురన్నా తిప్పుతారా!" నవ్వుకుంటూ కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

అతను పేజీ కొస పట్టుకుని మెల్లగా ఎత్తాడు. వెనక ఇంకో బొమ్మ ఉంది. అదే ఏనుగు నేలకూలి ఉంది. దాని తల మీద బూటు కాలు పెట్టి, తుపాకీతో దొర నిలబడ్డాడు. ఇన్నేళ్లూ తను వెతికింది ఈ చావు కోసమా అనిపించింది. పేజీ వదిలాడు. ఏనుగు మళ్లీ లేచి నిలబడింది.

ఎప్పుడో చచ్చిన ఏనుగు ఈ గూట్లోంచి చేను కాస్తోంది. తిప్పేస్వామి గూటి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

వసంతమ్మ కాఫీ తెచ్చేసరికి అతను గూటి ముందు నుంచి లేస్తున్నాడు. "ఆయప్ప ఈడనే ఉండనీమ్మా" అన్నాడు. ఆమె కళ్లొత్తుకుంది.

అతను బస్సు దగ్గరికి తిరిగి వచ్చాక గిరిబాబు పుస్తకం లేని సంచి చూశాడు. "యాడప్పా నీ ఏనుగు?"

"సేను కాస్తాండాది" అన్నాడు తిప్పేస్వామి. జనమంతా ఎక్కారా లేదా చూసుకుని, ఆఖరిసారి "రైట్" అన్నాడు. బస్సు కదిలింది.

వసంతమ్మ ఇంటి గూట్లో ఏనుగు కాళ్ల కింద తెల్లటి పంచె ముక్క పరిచి ఉంది. దాని మడతలు ఇంకా పోలేదు.