రవికలో చీటీ

నగర్తపేట సందులో అశ్వత్థప్ప టైలరు షాపు ఒక మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయే గది. అందులోకి ఆ పొద్దున కెమెరా, రెండు లైట్లు, వాటితోపాటు ముగ్గురు మనుషులు దూరేసరికి షాపు యజమానికి తన మిషను ముందున్న స్టూలు తప్ప వేరే చోటు లేకపోయింది. కూతురు మునిలక్ష్మికి మాత్రం పండగలాగే ఉంది. నాయన టీవీలో వస్తాడని పక్కనున్న లేసుల కొట్టు దాకా చాటింపు వేసి వచ్చి, ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, దువ్వెన పట్టుకుని వెంటపడింది.

"బొట్టు పెట్టుకో నాయనా. మొగం బోసిగా ఉండాది."

"ఉండనీలేమ్మా," అన్నాడు అశ్వత్థప్ప.

వచ్చిన డైరెక్టరు పేరు వరూధిని. విజయవాడ పిల్ల, సర్జాపురలో ఉంటోంది. దీపాల స్వామి మీద డాక్యుమెంటరీ తీస్తోంది. కాడుగోడి అవతల ఆశ్రమం కట్టి, వెయ్యి దీపాల మధ్య కూర్చుని దర్శనాలిచ్చి, ఆడపిల్లలకు ఉచితంగా బడి పెట్టి, ఆ పిల్లలనే పాడుచేసిన మహానుభావుడు ఆ స్వామి. ఇరవై ఏళ్ల కిందట ఒక పిల్ల కేసు పెడితే సాక్ష్యం లేదని కొట్టేశారు. ఆయన కిందటేడు తన మంచం మీదే, తన భక్తుల మధ్యే దర్జాగా పోయాడు. బడి ఇంకా నడుస్తోంది. ఆ పాత కేసునే వరూధిని ఇప్పుడు మొదటినుంచీ తిరగదోడుతోంది.

ఆ బడి పిల్లల తెల్ల పావడలూ తెల్ల రవికలూ పదకొండేళ్లపాటు కుట్టింది అశ్వత్థప్పే.

"టెన్షన్ పడకండి అంకుల్. మీకు తెలిసింది చెప్తే చాలు," అంది వరూధిని. "ముందు ఒక క్లిప్ చూపిస్తాను. అప్పుడు కేసు పెట్టిన ఆశ గారు మొన్న మాతో మాట్లాడారు."

ల్యాప్‌టాప్‌లో ముప్పై అయిదేళ్ల మనిషి కనిపించింది. మొహం దాచుకోలేదు.

"నాకప్పుడు పద్నాలుగేండ్లు. ఎవురితోనూ మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. రిపేరికి పొయ్యే బట్టల మూట ఒకటే గేటు దాటేది. చీటీ రాసి నా రవిక పట్టీలో పెట్టి కుట్టేసినా. టైలరన్నా, స్వామి నన్ను పాడు చేస్తా ఉండాడు, మా నాయనకు చెప్పు అని. కోర్టులో ఆ మాట చెప్తే చీటీ ఏదమ్మా అని లాయరు నవ్వినాడు. ఆ టైలరన్నను నేనేమీ అనను. పాపం, ఆయప్ప చూసుండడు. నాకు కుట్టను రాదు కదా, దోవలోనే కుట్టూడి చీటీ రాలిపోయుంటాది. ఇంకొంచెం గట్టిగా కుట్టింటే బాగుండునని ఈ పొద్దుటికీ అనుకుంటా ఉంటా."

అశ్వత్థప్పకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె తిట్టి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది.

చీటీ రాలిపోలేదు. తెల్ల గుడ్డ మీద నల్లదారం చూసి, ఇదేం కుట్టురా అని బ్లేడుతో విప్పింది ఆయనే. చదివి రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. మూడోరోజు తీసుకెళ్లి ఆశ్రమం వ్యవహారాలు చూసే భాగీరథమ్మ చేతిలో పెట్టాడు. పిల్లలు ఏవేవో రాస్తారు తల్లీ, స్వామి చెవిన వెయ్యండి అన్నాడు. ఆమె మెచ్చుకుని స్వామి తాకిన టెంకాయ ఇచ్చి పంపింది. భక్తి కొద్దీ చేశాను, స్వామే న్యాయం చేస్తాడనుకున్నాను అని ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు.

భక్తీ లేదు, పాడూ లేదు. ఎదిగే పిల్లల బట్టల్లో ఏ టైలరైనా లోపల రెండు వేళ్ల గుడ్డ మిగిలిస్తాడు, తర్వాత విప్పి వదులు చెయ్యడానికి. ఆ పిల్ల రవిక మూడు నెలల్లో రెండోసారి వదులు చెయ్యడానికి వచ్చింది. పిల్ల ఎదిగితే భుజం పెరగాలి, చెయ్యి పెరగాలి. పెరిగింది నడుమొక్కటే. టేపు పట్టిన చేతికి సంగతి తెలిసిపోయింది. ఆశ్రమంతో గొడవెందుకని నోరు మూసుకున్నాడు, అంతే. కేసు నడిచిన రోజుల్లో ఆ వార్త పడిన పేపరును కూడా పారేయలేదు, రవిక కొలతకు అచ్చుగా కత్తిరించి వాడుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పుడు తన చేతుల మీద తనకే రోత పుట్టింది.

"చీటీ మీకు కనపడలేదు కదా అంకుల్?" వరూధిని మెల్లగా అడిగింది. "ఆ ఒక్క మాట కెమెరా వైపు చూసి చెప్పండి."

"మా నాయన చూసింటే ఊరికే ఉంటాడా అక్కా?" మునిలక్ష్మి అందుకుంది. "ఆ పొద్దే పోలీస్ స్టేషన్‌లో కూర్చోనుండేవాడు."

అవునని తల ఊపితే సరిపోయేది. కూతురి ముందు మొహం దక్కేది, సాయంత్రం సందులో వాళ్లు టీ కూడా ఇప్పించేవాళ్లు. ఆయన ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించాడు.

"ఆ యమ్మ దీన్ని చూస్తాదా?"

"ముందు ఆవిడకే చూపిస్తాం."

"అయితే ఆ యమ్మతోనే చెప్తా." కెమెరా వైపు తిరిగాడు. "ఆశమ్మా, నీ కుట్టు ఊడలేదు. నల్లదారం, కొసన రెండు ముళ్లు. బ్లేడు పెట్టినా తొందరగా రాలేదు, అంత గట్టిగా కుట్టినావు నువ్వు. నేనే ఊడదీసినా. చదివినా. తీసుకపొయ్యి ఆ భాగీరథమ్మ చేతికి నేనే ఇచ్చినా. తప్పు నీ చేతిది కాదు, నాది."

మునిలక్ష్మి చేతిలో దువ్వెన అట్లాగే ఉంది.

"నాయనా, నాకు కూడా అప్పుడు పద్నాలుగే కదా," అంది. "ఆ భాగీరథమ్మ ఇచ్చిన ఆశ్రమం టెంకాయ అని పచ్చడి చేయించి నాకు పెడితివే, అదేనా?"

మునిలక్ష్మి దువ్వెన మిషను మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. షూటింగ్ అయిపోయిందా అని ఎవరో అడుగుతున్నా ఆగకుండా సందు దాటిపోయింది.

"మరి ఆ రవిక ఏం చేశారు?" అడిగింది వరూధిని.

"రెండు పక్కలా వదులు చేసి పంపించినా తల్లీ," అన్నాడు అశ్వత్థప్ప. "చెప్పిన దినానికే ఇచ్చినా."